విద్వాంసుల యుపన్యాసములు – మన గృహిణులు



విశ్వవిద్యాలయ మనగానే మనకు పరీక్షలు, పట్టములు, ఉద్యోగములు మాత్రమే స్ఫురించును. అచ్చటి విద్య అందు చదువు పిల్లలకే చెందునని తలంచి మన మూరకుందుము. కాని పరదేశములనుండియు, ఇతర రాష్ట్రములనుండియు పండితులను రావించి, ఊరివారుకూడ వినునట్లు ఉపన్యాసము లిప్పించుట విశ్వవిద్యాలయములకు చిరకాలముగా నున్న యాచారము. వినుటకు ప్రవేశపరీక్ష లేదు; వయోనియమము లేదు. పెండ్లితోడనే చదువు నిలిచిపోయిన స్త్రీకి ఇంతకంటె సులభమైన దారి యేది?

తెలుగునాట దీనికి గొప్ప నిదర్శన మున్నది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నున్న కాలమున, 1933లో, రవీంద్రనాథ ఠాకూరుగారు అచ్చట మానవుని గూర్చి యుపన్యసించిరి. ఆ యుపన్యాసములు 1937లో గ్రంథముగా వెలువడినవి. అయితే అవి ఆంగ్లమున సాగినవి. ఆ భాష నెఱుగని యిల్లాండ్రకు అవి అందని ఫలములే. మన తెలంగాణమున మఱియొక చిక్కు. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1948 వఱకు ఉర్దూయే బోధనభాష. దేశభాషలో ఉన్నతవిద్య గఱపుట మెచ్చదగినదే. కాని ఇంట తెలుగు మాత్రమే పలుకు స్త్రీకి ఆ తలుపు తెఱచియున్నను గొళ్లెము పెట్టినట్లే యుండెను.

వచ్చిన పండితుడు చెప్పుటయే కాదు, వినుటయు నేర్చినచో ఎంత మేలు గలుగునో ఆదిలాబాదు సీమయే సాక్షి. వియన్నా నగరమున పుట్టిన హైమెన్‌డార్ఫ్ గారు, 1940లో కుమురం భీము పోరాటము ముగిసిన పిమ్మట, గోండుల జీవనము నెఱుగుటకై వచ్చి మార్లవాయి గ్రామమున నివసించిరి. ఆయన సతి బెట్టీగారును వెంట నుండిరి. గోండుల భూములు పరులపాలగుటను వారు కన్నులార చూచిరి. ఆ సంగతిని ప్రభుత్వమునకు విన్నవించిరి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్ర మేర్పడెను. గోండీలో వాచకములు వెలసెను. తరువాత ఆయన ఉస్మానియాలోను, లండనులోను ఆచార్యులై పాఠములు చెప్పిరి. వారి విద్యకు మూలము గోండుల యిండ్ల ముంగిళ్లలో విన్న మాటలేకదా! 1987లో కన్నుమూసిన బెట్టీగారి సమాధి నేడును మార్లవాయిలో నున్నది.

ఇప్పుడు విశ్వవిద్యాలయము మనకు దూరము కాదు. వరంగల్లున 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము, కరీంనగరముననే 2008లో శాతవాహన విశ్వవిద్యాలయము ఏర్పడినవి. ఇచ్చటికి విద్వాంసులు వచ్చినపుడు సభలో గృహిణు లెందఱు కూర్చుండవలెను? ఆ సంగతి కొంత వారి చేతిలోను, కొంత మన చేతిలోను ఉన్నది.

విశ్వవిద్యాలయమువారిని మనము మూడు కోరవలెను. ఒకటి: ఉపన్యాస మే భాషలో సాగినను దాని సారమును తెలుగున చెప్పించుట. రెండు: పిల్లలు బడికి పోయిన పిమ్మట, వారు తిరిగి రాకముందు సభ జరుపుట, బీడీలు చుట్టు స్త్రీలకు కూలి పోకుండ సెలవుదినమున నొకమాఱైనను జరుపుట. మూడు: నిర్మలు, ఆదిలాబాదు, ఆసిఫాబాదు పట్టణములకును ఆ విద్వాంసుని పంపుట. ఇవి గొప్ప ధనవ్యయముతో కూడినవి కావు.

మన విధియు గలదు. వట్టిచేతులతో పేరంటమునకు పోనట్లే, ప్రశ్న లేకుండ సభకు పోరాదు. శాతవాహనులనాటి నాణెములు దొరకిన కోటిలింగాలను గూర్చి యొకరు ప్రసంగించిరనుకొందము. రాజుల పేళ్లు వారు చెప్పుదురు. ఆనాటి యిల్లాలు ఏ ధాన్యము దంచినది, ఏ కుండలో వండినది అని మనమే యడుగవలెను. అడవి దుంపల గుణములను గూర్చి యొకరు చెప్పునపుడు, వాటిని త్రవ్వి వండిపెట్టిన గోండు తల్లి ఆ సభలో నున్నచో పండితునకే పాఠము దొరకును. చిన్న ప్రశ్న యని సిగ్గుపడ నక్కఱలేదు. ఇంటిపనిలో పుట్టిన ప్రశ్న గ్రంథములలో తఱచుగా దొరకదు.

వినివచ్చిన నాటి రాత్రి, భోజనముల వేళ, ఆ సంగతిని ఇంటివారికి తెలుగున మరల చెప్పుడు. చెప్పగలిగినదే మనకు దక్కిన విద్య. తల్లి సభకు పోయివచ్చి తెలిసిన ముచ్చట చెప్పుచుండగా విన్న ఆడుపిల్ల, చదువు తనకు కాదని యెన్నడు ననుకొనదు.