కప్పకి నలభై రోజుల నీళ్లు

కాలువలకి నీళ్లు వదిలి, నాలుగు వానలు గట్టిగా పడ్డాయంటే మావైపు కప్పల గురించి ప్రశ్నలు మొదలవుతాయి. తెనాలిలో ఒకావిడకి బాత్రూంలోకొచ్చిన కప్పంటే హడల్. బాపట్లలో ఒక పిల్లాడు సీసానిండా తోకకప్పలు పట్టుకొచ్చి, వాటికేం పెట్టాలో తెలీక అందర్నీ అడుగుతుంటాడు. రేపల్లె రైతులు అడిగేది ఇంకోరకం. "ఇదివరకు రాత్రిళ్లు ఈ బెకబెకలకి పక్కమనిషి మాట వినపడేది కాదు, ఇప్పుడా కప్పలన్నీ ఏమైనట్టు?" అంటారు. ఇవాళ ఇవే మాట్లాడుకుందాం.

ముందు బాత్రూం కప్ప సంగతి. లేత గోధుమరంగులో, సన్నటి నడుంతో, పగలంతా గోడకి అతుక్కుని కదలకుండా కూర్చుంటుందే, అది చెట్టుకప్ప. వేళ్ల చివర గుండ్రటి మెత్తలుంటాయి, వాటి పట్టుతోనే నున్నటి టైల్స్ మీద కూడా జారకుండా ఎక్కేస్తుంది. కరవదు, విషం చిమ్మదు. మనింటికి వచ్చేది చల్లదనం కోసం, లైటు చుట్టూ మూగే పురుగుల కోసం. అంతకుమించి దానికి మనతో పనేం లేదమ్మా.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా, దానిమీద ఉప్పు చల్లొద్దు. చాలా ఇళ్లల్లో చేసే పనే ఇది. కప్ప మనలాగా నోటితో నీళ్లు తాగదు. తడి నేలమీద చతికిలబడి, పొట్ట కిందా తొడల దగ్గరా ఉండే పల్చటి చర్మంతో నీళ్లు పీల్చుకుంటుంది. ఊపిరితిత్తులు ఉన్నా సరే, చర్మంతో కూడా గాలి పీలుస్తుంది. అట్టాంటి చర్మం మీద ఉప్పు పడితే ఒంట్లో నీరంతా బయటికి లాగేస్తుంది. కొట్టి చంపినదానికంటే ఘోరమైన చావు అది. ఫినాయిలూ, బ్లీచింగూ కూడా అంతే, ఆ చర్మంలోంచి నేరుగా లోపలికి దిగిపోతాయి. బయటికి పంపాలంటే ఒక డబ్బా బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, పెరట్లో మొక్కల మొదట్లో వదిలేయండి. చేత్తో పట్టుకునేవాళ్లు సబ్బూ శానిటైజరూ లేకుండా ఉత్త నీళ్లతో చెయ్యి తడుపుకుని పట్టుకోండి. మళ్లీ మళ్లీ వస్తుంటే కిటికీకి దోమల మెష్ వేయించండి.

ఈ చెట్టుకప్ప గుడ్లు పెట్టే తీరు చూడాల్సిందే. నీళ్లల్లో పెట్టదు. నీళ్లకి పైన, కొమ్మకో తొట్టి గోడకో తెల్లటి నురుగు గూడు కడుతుంది. గుడ్లు ఆ నురుగులో తడారకుండా ఉంటాయి. గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాక గూడు కరిగి అవి కింద నీళ్లల్లోకి రాలిపడతాయి. నీళ్ల తొట్టి అంచున నురుగు ముద్ద కనపడితే సబ్బు నురగనుకుని చీపురుతో కొట్టేయకండి.

ఇక ఒంటినిండా పొక్కులతో, మట్టిరంగులో, పెద్దగా దూకకుండా చిన్న చిన్న గంతులేస్తూ వరండాలోకొచ్చే గోదురుకప్ప. దీన్ని ముట్టుకుంటే పులిపిర్లు లేస్తాయా? లేవు. మనిషికి పులిపిర్లు వచ్చేది మనుషుల్లో తిరిగే ఒక వైరస్ వల్ల, కప్పకీ దానికీ సంబంధం లేదు. అయితే దీని కళ్ల వెనకాల రెండు ఉబ్బుగా ఉండే గ్రంథులున్నాయి, వాటిలో విషం ఉన్నమాట నిజం. నొక్కితే తెల్లటి పాలు కారతాయి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, ఆ చేత్తో కళ్లు నులుముకోకండి. మీ కుక్కపిల్ల దాన్ని నోట కరిచి నురగలు కక్కుతుంటే వెంటనే నోరు కడిగి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

అసలు చూడాల్సింది బోదురుకప్పని. మన దేశంలో ఇంతకంటే పెద్ద కప్ప లేదు, జానెడు దాకా పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగులో గట్టు పక్కన నక్కి ఉంటుంది. తొలకరి పడ్డ రాత్రి మగకప్పలు ఒళ్లంతా పచ్చటి పసుపురంగుకి తిరిగిపోతాయి, గొంతుకి రెండుపక్కలా నీలంరంగు తిత్తులు ఉబ్బుతాయి. మొదటిసారి చూసినవాళ్లు ఎవరో రంగేశారనుకుంటారు. అరిచేది కూడా మగకప్పలే, ఆడదాన్ని పిలవడానికి. ఏ జాతి పిలుపు దానిదే, అందుకే మడి పక్కన నిలబడి వింటే నాలుగైదు రకాల గొంతులు వినపడతాయి. పొలాల్లో కీచుమనే చిట్టి కప్ప వేరు, చెరువు నీళ్లమీద రాయి విసిరినట్టు గెంతుకుంటూ పోయే కప్ప వేరు.

మగకప్ప ఆడకప్ప వీపునెక్కి గట్టిగా పట్టుకుంటుంది. ఆడది నీళ్లల్లోకి వేల గుడ్లు వదులుతుంటే మగది వాటిమీద వీర్యం వదులుతుంది. అంతా ఒంటి బయటే జరిగిపోతుంది. బోదురుకప్ప గుడ్లు నీటిమీద పల్చగా పరుచుకుంటాయి, గోదురుకప్పవైతే జిగురు దారాల్లో నల్లటి చుక్కలుగా గడ్డికి చుట్టుకుంటాయి. మన ఎండకి ఒకటి రెండు రోజుల్లోనే తోకకప్పలు బయటికొస్తాయి. మొదట్లో అవి చేపకిందే లెక్క, మొప్పలతో ఊపిరి, తోకతో ఈత. తర్వాత వెనక్కాళ్లు, ఆ తర్వాత ముందుకాళ్లు వస్తాయి. తోక ఊడి పడిపోతుందనుకుంటారు గానీ పడిపోదు, కరిగి ఒంట్లోకే పోతుంది. ఆ నాలుగు రోజులూ అది తిండి ముట్టదు, నోరు మారిపోతుంటుంది కాబట్టి తినలేదు. పాచి తిని బతికిన పొడుగాటి పేగు కురచై పురుగులు అరిగించుకునే పేగవుతుంది. మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిలోకి దిగుతాయి.

ఇదంతా నడిపించేది థైరాయిడ్ గ్రంథి. మన మెడలో ఉన్నదే దానికీ ఉంది. 1912లో గుడెర్నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకి గుర్రం థైరాయిడ్ ముక్కలు మేపితే అవి ఇంకా ఎదగకముందే, ఈగంత ఉండగానే కప్పలైపోయాయి. తోకకప్ప కప్పగా మారడం వెనక ఉన్నది థైరాయిడేనని మొదట చూపించింది ఈ ప్రయోగమే.

గుడ్డు దగ్గర్నుంచి గట్టెక్కే దాకా మన పొలాల కప్పలకి నెల నుంచి నెలన్నర పడుతుంది. నలభై రోజులనుకోండి. ఆ నలభై రోజులూ నీళ్లు ఎండకూడదు, విషమవకూడదు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, రేపల్లె రైతుల ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

బాపట్ల అబ్బాయ్, నీ సీసా సంగతి చెప్తా విను. సీసా చాలదు, వెడల్పాటి తొట్టి కావాలి. నువ్వు తెచ్చిన గుంట నీళ్లే పోయి. కుళాయి నీళ్లు పోయాల్సొస్తే క్లోరిన్ పోయేదాకా ఒక రోజంతా బిందెలో తెరిచి ఉంచి పోయి. నీడపట్టున పెట్టు. ఉడికించిన తోటకూర ఆకు కొంచెం వెయ్యి, మిగిలింది కుళ్లకముందే తీసెయ్యి. అన్నం మెతుకులు వెయ్యకు, నీళ్లు పాడైపోతాయి. బోదురుకప్ప పిల్లలైతే పక్కవాటిని తినేస్తాయి, రోజురోజుకీ లెక్క తగ్గుతుంటే కారణం అదే. ముందుకాళ్లు కనపడ్డ రోజు నీళ్లల్లో వాలుగా ఒక రాయి పెట్టు. అప్పటికి వాటి మొప్పలు పోతుంటాయి, ఎక్కడానికి చోటు లేకపోతే నీళ్లల్లోనే ఊపిరాడక చస్తాయి. తోక పోయాక ఇంట్లో ఉంచకు, బతికున్న పురుగులు తప్ప ఇంకేం ముట్టవు. ఎక్కడినుంచి తెచ్చావో అక్కడే వదిలిపెట్టు.

అక్కడే అని ఎందుకంటున్నానంటే, అండమాన్‌లో ఏం జరిగిందో చూడండి. మన బోదురుకప్ప అక్కడిది కాదు. చేపపిల్లలతో పాటు పొరపాటున ఆ దీవులకి చేరిందంటారు పరిశోధకులు. ఇప్పుడు అక్కడి చిన్న కప్పల పిల్లల్నీ, కోడిపిల్లల్నీ మింగేస్తోంది. మన మాగాణిలో మేలుచేసే జీవం అక్కడ పీడైంది. ముచ్చటపడి కప్పల్ని ఊళ్లు మార్చకండి.

వేసవిలో కప్పలెక్కడికి పోతాయని కూడా అడుగుతుంటారు. కాలువలు కట్టేసి, మినుమూ పెసరా పీకేశాక, నేల నెర్రెలిచ్చే రోజుల్లో అవి గట్టుల్లోకి దిగిపోతాయి. బోదురుకప్ప వెనక్కాళ్లతో మట్టి తవ్వుకుంటూ వెనక్కి వెనక్కి పోయి, కొవ్వు కరిగించుకుంటూ, గుండె నెమ్మదించి, వాన తడి తగిలేదాకా అట్టాగే ఉంటుంది. అందుకే మట్టిగట్టు దానికి అంత అవసరం. సిమెంటు లైనింగ్ చేసిన కాలువలో తలదాచుకునే చోటూ లేదు, పడితే ఎక్కే దారీ లేదు.

ఇప్పుడు రేపల్లె వాళ్ల ప్రశ్న. ఒకప్పుడు కప్పల్ని గోతాలకెత్తుకుని పోయేవాళ్లు. రాత్రిపూట లైటు కొట్టి, కళ్లు చెదిరి కదలకుండా కూర్చున్నవాటిని పట్టి, కాళ్లు కోసి, గడ్డకట్టించి ఫ్రాన్సుకీ అమెరికాకీ పంపేవాళ్లు. దేశం నుంచి ఏటా వేల టన్నుల కప్పకాళ్లు పోయేవి. 1987లో కేంద్రం ఆ ఎగుమతి ఆపేసింది. కాలేజీ ప్రయోగశాలల్లో కప్పకోతలకీ 2014లో యూజీసీ అడ్డుకట్ట వేసింది. అంటే పట్టుకుపోయేవాళ్ల బెడద చాలావరకు తగ్గింది. మిగిలింది నీళ్ల బెడద, అందులో మొదటిది పురుగుమందులు.

సాంబ మసూరి, అదే మన బీపీటీ 5204, 1986లో బాపట్ల నుంచే వచ్చింది. దాని బియ్యం రుచి గురించి నేను చెప్పక్కర్లేదు. కానీ వరిని పట్టే సుడిదోమకి తట్టుకోదు. దోమ కనపడగానే మందు కొడతాం. ఆ మందు దోమతో పాటు సాలీళ్లనీ, దోమ గుడ్లని తినే నల్లుల్నీ చంపుతుంది. మళ్లీ వచ్చే దోమకి ఇక అడ్డుండదు, అది రెట్టింపై కూర్చుంటుంది. ఊరికే మందు మీద మందు కొడితే దోమపోటు ముదురుతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. మడిలో కప్ప ఒక్కటే దోమనంతా ఆపేస్తుందని నేను చెప్పను. కానీ ఆ కాపలాదార్లలో అదీ ఒకటి, పైగా జీతం అడగదు. గుళికల మందు వేసిన నీళ్లల్లో, మధ్యలో ఆరగట్టిన మళ్లల్లో దాని నలభై రోజులు పూర్తి కావు. ఎదిగిన కప్ప గెంతి తప్పించుకుంటుంది, పిల్ల ఎక్కడికి పోతుంది?

రేపల్లె, నిజాంపట్నం వైపు ఇంకో చిక్కుంది, ఉప్పు. మాగాణి రొయ్యల చెరువయ్యాక ఆ ఉప్పునీరు బోదెల్లోకీ మురుగు కాలువల్లోకీ దిగుతుంది. ఆగ్నేయాసియా మడ అడవుల్లో ఉప్పునీళ్లకి తట్టుకుని పీతలు తినే కప్ప ఒకటుంది, ఒంట్లో యూరియా నిలవచేసుకుని బతికేస్తుంది. మన పొలం కప్పలకి ఆ విద్య లేదు. 2023లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం ప్రపంచంలో ఉభయచరాల జాతుల్లో 41 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. మన బోదురుకప్ప ఇంకా ఆ జాబితాకెక్కలేదు. ఎక్కకముందే చూసుకోవాలి.

"కప్పలుంటే పాములొస్తాయి గదా" అని ఆడవాళ్లు అడుగుతారు. వస్తాయి, అబద్ధం చెప్పను. అయితే కప్పల కోసం ఎక్కువగా తిరిగేది విషంలేని నీటిపాము. నాగుపామూ కప్పని తింటుంది గానీ అది ఇంటి చుట్టూ తిరిగేది ముఖ్యంగా ఎలకల కోసం. గుమ్మం దగ్గర కట్టెలూ చెత్తా పేర్చకండి, రాత్రి లైటు లేకుండా పెరట్లోకి పోకండి. కప్పని చంపినంత మాత్రాన పాము రావడం మానదు.

వానలు మొహం చాటేసినప్పుడు మన ఊళ్లల్లో కప్పతల్లిని తిప్పుతారు. రోకలికి కప్పని కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ పోతే నీళ్లు పోస్తారు. మంచి ఆచారమే. పాట పాడండి, నీళ్లు బాగా పోయండి. తాడు బిగించి ఎండలో తిప్పితే మాత్రం ఆ చర్మం ఆరిపోతుంది, కాస్త వదులుగా కట్టి, పూట గడవకముందే నీళ్లున్న గుంటలో విడిచిపెట్టండి.

రైతులకి నా మనవి ఒక్కటే. పొలంలో ఒక మూల, తూము దగ్గరో పల్లం ఉన్నచోటో, చిన్న గుంట తవ్వి వదలండి. మడి ఆరగట్టినా ఆ గుంటలో నీళ్లుండేట్టు చూడండి, దాని చుట్టూ రెండు బారల మేర మందు కొట్టకండి. మొదటి బెకబెక వినపడ్డ రాత్రి నుంచి నలభై రోజులు లెక్కపెట్టుకోండి. ఈ ఏడాది ఊడ్పులప్పుడే మొదలుపెట్టండి.