యంత్రంతో నిద్ర పట్టడం లేదా? నేర్చుకుంటే పడుతుంది

"ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని మన పెద్దలు అన్నారు. అలసిన మనిషికి కటిక నేలైనా, పరుపైనా ఒకటే. కాని స్లీప్ ఆప్నియా ఉన్నదని తేలి, రాత్రిపూట ముఖానికి మాస్కు పెట్టుకొని పడుకోవలసి వచ్చినవారి విషయంలో ఈ సామెత తలక్రిందులవుతుంది. పగలు కూర్చున్నచోటనే కునికిపాట్లు పడే మనిషి, రాత్రి మాస్కు తగిలించుకోగానే కళ్ళు తెరుచుకొని ఇంటికప్పు చూస్తూ ఉండిపోతాడు. రెండు మూడు రాత్రులు చూసి, "ఇది నా ఒంటికి పడదు" అని యంత్రాన్ని మళ్ళీ అట్టపెట్టెలో సర్ది బీరువా మీదికి ఎక్కిస్తాడు. పదుల వేల రూపాయలు పెట్టి కొన్న వైద్యం అక్కడితో ఆగిపోతుంది.

ఈ విషయంలో మా అభిప్రాయం ఒక్కటే. యంత్రంతో నిద్రపోవడం సైకిలు తొక్కడం వంటిది. ఎవరికీ పుట్టుకతో రాదు, నేర్చుకుంటే చాలామందికి వస్తుంది. కాబట్టి మొదటి వారంలో నిద్ర పట్టనంత మాత్రాన వైద్యం విఫలమైందని రోగిగాని, కుటుంబంగాని, వైద్యుడుగాని తీర్పు చెప్పకూడదు.

అసలు జబ్బు ఏమిటి?

నిద్రలో గొంతు వెనుక భాగంలోని కండరాలు వదులవుతాయి. కొందరిలో అవి ఎంతగా వదులవుతాయంటే, గాలి వెళ్ళే దారి సన్నబడుతుంది, లేదా పూర్తిగా మూసుకుపోతుంది. సన్నని దారిలో గాలి వెళ్ళేటప్పుడు వచ్చే చప్పుడే గురక. దారి మూసుకుపోయినప్పుడు గురక ఆగుతుంది, దానితోపాటు ఊపిరి కూడా ఆగుతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని క్షణకాలం లేపుతుంది. పెద్ద శబ్దంతో ఊపిరి అందుకొని మళ్ళీ నిద్రలోకి జారిపోతాడు. తెల్లవారాక అతనికి ఏమీ గుర్తుండదు. పక్కన పడుకున్నవారికే అన్నీ తెలుస్తాయి.

ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితే దానిని ఒకటిగా లెక్కిస్తారు. ఊపిరి బాగా తగ్గిన సందర్భాలను కూడా కలిపి, గంటకు 5 నుంచి 15 సార్ల లోపు ఉంటే తేలికపాటిదని, 15 నుంచి 30 లోపు మధ్యస్థమని, 30 లేక అంతకు పైన తీవ్రమని అంటారు. గంటకు 30 సార్లంటే రెండు నిమిషాలకొకసారి ఎవరో భుజం పట్టి కుదిపి లేపుతున్నట్టే. అలాంటివాడు ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టు కాదు. ఉదయం తలనొప్పి, పగటి మగత, మతిమరుపు, చిరాకు, మందులకు లొంగని రక్తపోటు దీనితోపాటు రావచ్చు. బండి నడుపుతూ కునుకు తీస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' చిత్రాల పాటలతో తెలుగువారికి దగ్గరైన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో 69 ఏళ్ళ వయసులో మరణించారు. ఆయన మరణానికి స్లీప్ ఆప్నియా ఒక కారణమని చికిత్స చేసిన వైద్యులు తెలిపారు. గురకను ఇంటిల్లిపాది నవ్వుకునే విషయంగా చూసే మనకు ఆ వార్త ఒక హెచ్చరిక.

గాలితో వేసిన గుంజ

సీప్యాప్ యంత్రం గదిలోని గాలినే కొంచెం ఒత్తిడితో గొట్టం ద్వారా మాస్కులోకి పంపుతుంది. ఆ గాలి గొంతు దారి కూలిపోకుండా పందిరికి గుంజలా నిలబడుతుంది. ఇది ఆక్సిజన్ సిలిండరు కాదు, వెంటిలేటరూ కాదు. "నాకు చివరి దశ వచ్చిందా?" అని భయపడేవారు ఈ సంగతి గమనించాలి. ఊపిరి మీరే తీసుకుంటారు. యంత్రం దారి తెరిచి ఉంచుతుంది, అంతే.

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో డాక్టర్ కాలిన్ సల్లివాన్ ఈ పద్ధతిని కనుగొన్నారు. 1981లో ఆయన బృందం దీనిని లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. అంతకుముందు తీవ్రమైన రోగికి గొంతుకు రంధ్రం చేయడమే ముఖ్యమైన మార్గంగా ఉండేది. తొలినాళ్ళలో మాస్కును జిగురుతో ముఖానికి అతికించేవారు, యంత్రాలు గట్టిగా మోగేవి. ఇప్పటి యంత్రాలు చిన్నవి, చాలా తక్కువ శబ్దం చేసేవి. అయినా ముఖం మీద కొత్త వస్తువు కొత్త వస్తువే. కొత్త చెప్పు నాలుగు రోజులు కరిచినట్టు ఇదీ కరుస్తుంది.

నిద్ర ఎందుకు పట్టదు?

మాకు కనిపించే కారణాలు మూడు.

మొదటిది భయం. ముక్కు మీద ఏదో మూసినట్టు ఉంటే ఊపిరాడదేమోనని శరీరం తానే అప్రమత్తమవుతుంది. కాపలా కాసే మనసుకు నిద్ర రాదు. నిజానికి మాస్కులో వదిలిన గాలి బయటికి పోవడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిని దుప్పటితోగాని, ప్లాస్టరుతోగాని మూయకూడదు. కరెంటు పోయి యంత్రం ఆగితే మాస్కు తీసివేయాలి. ఇన్వర్టరు ఉన్నవారు యంత్రాన్ని దానికి కలపవచ్చునేమో ముందే కనుక్కోవాలి.

రెండవది తప్పుడు పోలిక. జబ్బు ఉన్నప్పుడు తల వాల్చిన రెండు నిమిషాలకే నిద్ర ముంచుకొచ్చేది. దానిని మనం "మంచి నిద్ర" అనుకున్నాము. అది నిద్ర బాకీ. ఆరోగ్యవంతునికి నిద్ర పట్టడానికి పది, ఇరవై నిమిషాలు పట్టడం మామూలే. వైద్యం పనిచేసి బాకీ తీరుతున్నకొద్దీ నిద్ర పట్టడానికి కొంచెం సమయం పడుతుంది. ఆ పదిహేను నిమిషాలను చూసి "యంత్రం వచ్చాక నిద్ర పోయింది" అనుకోవడం పొరపాటు.

మూడవది, నిద్రలేమి అనే మరొక జబ్బు ముందునుంచే తోడుగా ఉండడం. ఇది అరుదు కాదు. ఆస్ట్రేలియాలో రెండు జబ్బులూ ఉన్నవారికి మందులు లేకుండా నిద్ర అలవాట్లు సరిదిద్దే శిక్షణ ముందుగా ఇచ్చి, తరువాత సీప్యాప్ మొదలుపెట్టి చూశారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, శిక్షణ పొందినవారు మిగతావారికన్నా సగటున రాత్రికి ఒక గంట ఎక్కువగా యంత్రం వాడారు. అన్ని అధ్యయనాలలో ఇంత తేడా కనిపించలేదు. అయినా నిద్రపోవడం నేర్పదగిన విషయమేనని దీనివలన తెలుస్తుంది.

మెట్టు మెట్టుగా

ఈ క్రమం పాటించండి. ఒక మెట్టు మీద మనసు కుదుటపడ్డాకనే పై మెట్టు ఎక్కండి.

1. పగటిపూట, మెలకువగా ఉన్నప్పుడు, పట్టీలు బిగించకుండా మాస్కును చేతితో ముఖానికి ఆనించుకొని ఊపిరి తీయండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసివేయవచ్చని శరీరానికి తెలియాలి.

2. యంత్రం వేసి, మాస్కు తగిలించుకొని, కుర్చీలో కూర్చొని టీవీ చూడండి, పేపరు చదవండి. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి అరగంట వరకు పెంచండి.

3. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చేటప్పుడు మాస్కుతోనే పడుకోండి. నిద్ర రాకపోయినా నష్టం లేదు.

4. తరువాత రాత్రికి వెళ్ళండి. యంత్రాలు చాలావాటిలో "ర్యాంప్" అనే ఏర్పాటు ఉంటుంది. ఒత్తిడి తక్కువలో మొదలై, నిద్ర పట్టే వేళకు మెల్లగా పెరుగుతుంది. దానిని ఎలా పెట్టుకోవాలో చూపించమని అడగండి. ఒత్తిడి అంకెలను మాత్రం సొంతంగా మార్చకండి.

మాస్కు సరిపోయిందో లేదో కూర్చొని చూస్తే చాలదు. పడుకొని, గాలి వస్తుండగా చూడాలి. పట్టీలు ఎంత బిగిస్తే అంత మంచిదనుకోవద్దు. మరీ బిగిస్తే అంచు ముడతపడి గాలి ఇంకా కారుతుంది, ముక్కు మీద పుండు పడుతుంది. రాత్రి ముఖానికి నూనె, క్రీము రాసుకొని మాస్కు పెడితే అది జారుతుంది. గుబురు మీసం, గడ్డం ఉన్నవారికి ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే రకం నప్పవచ్చు. నోరు తెరిచి నిద్రపోయేవారికి ముక్కును, నోటిని కప్పే రకం అవసరం కావచ్చు. నోరు ఎండిపోతుంటే, ముక్కు దిబ్బడ వేస్తుంటే గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయరు సహాయపడుతుంది. అందులో డిస్టిల్డ్ వాటరు పోసి రోజూ మార్చాలి. మాస్కు మెత్తని భాగాన్ని రోజూ తేలికపాటి సబ్బునీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. మన ఊళ్ళ దుమ్ముకు ఫిల్టరును కూడా తరచుగా చూసుకోవాలి.

మంచం మీద కుస్తీ వద్దు

నిద్ర అనేది పిలిస్తే వచ్చేది కాదు. "ఈ రాత్రి ఎలాగైనా పట్టాలి" అని పళ్ళు బిగించినవాడికి అది ఇంకా దూరమవుతుంది. ఇరవై నిమిషాలైనట్టు అనిపించినా నిద్ర రాకపోతే మాస్కు తీసి, లేచి, వేరేచోట మసక వెలుతురులో కూర్చోండి. కళ్ళు బరువెక్కాక మళ్ళీ వచ్చి మాస్కు పెట్టుకోండి. మంచానికి, మాస్కుకు పోరాటంతో కాక నిద్రతో ముడిపడాలి. అమెరికాకు చెందిన రిచర్డ్ బూట్‌జిన్ 1972లో చెప్పిన ఈ పద్ధతిని నిద్ర వైద్యులు నేటికీ నేర్పుతున్నారు. గడియారం వైపు చూడకండి. సెల్‌ఫోన్ దూరంగా పెట్టండి. రాత్రి ఎంత ఆలస్యంగా పట్టినా ఉదయం ఒకే వేళకు లేవండి.

నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొనుక్కోవద్దు. మద్యమూ అంతే. కొన్ని మాత్రలు, మద్యం గొంతు కండరాలను ఇంకా వదులు చేసి జబ్బును పెంచుతాయి. మాత్ర అవసరమా కాదా అన్నది మీ పరీక్షల రిపోర్టు చూసిన వైద్యుడే చెప్పాలి.

నాలుగు గంటల లెక్క

అమెరికా ప్రభుత్వ బీమా పథకం మెడికేర్‌లో ఒక నిబంధన ఉంది. మొదటి మూడు నెలలలో ఏదో ఒక 30 రోజుల కాలంలో, నూటికి 70 రాత్రులు చొప్పున, రాత్రికి కనీసం 4 గంటలు యంత్రం వాడినట్టు లెక్క చూపాలి. ఈ 4 గంటల లెక్కను ఇతర దేశాలలో కూడా వైద్యులు కొలమానంగా వాడుతున్నారు. కొలమానంగా దీనిని మేము కాదనము. కాని దీనిని బెత్తంగా వాడడం మాకు సమ్మతం కాదు. గంటన్నర వాడగలిగినవాడు నిన్నటికన్నా అరగంట ముందుకు వచ్చాడంటే అతనిని మెచ్చుకోవాలి.

మరోపక్క, నాలుగు గంటలతో తృప్తిపడిపోవడం కూడా సరికాదు. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ తెల్లవారుజాముకు దగ్గరగా ఎక్కువసేపు ఉంటుంది. చాలామందిలో ఊపిరి ఆగడం ఆ దశలోనే ఎక్కువ. రెండు గంటలకు మెలకువ వచ్చి మాస్కు తీసేసినవారు అవసరమైన వేళకే దానిని వదులుకుంటున్నారు. నిద్రలో తెలియకుండా తీసేయడం మొదటి వారాలలో మామూలే. మెలకువ రాగానే విసుక్కోకుండా తిరిగి పెట్టుకోండి.

యంత్రం అన్నిటినీ నయం చేస్తుందని కూడా మేము చెప్పము. 2016లో వెలువడిన సేవ్ అనే పెద్ద అధ్యయనంలో, అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బులున్న 2,717 మందిని పరిశీలించారు. వారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి యంత్రం వలన తగ్గినట్టు తేలలేదు. కాని పగటి మగత, గురక తగ్గాయి, మనసు తేటపడింది. వారు సగటున వాడినది రాత్రికి 3.3 గంటలు మాత్రమేనన్న సంగతి గుర్తుంచుకోవాలి. బరువు తగ్గడం, రక్తపోటు మందులు వాడడం యంత్రంతోపాటు సాగవలసిందే.

ఇంటివారికి, ఆసుపత్రులకు ఒక మాట

మాస్కు పెట్టుకున్న భర్తను చూసి పిల్లలు ఏనుగని నవ్వవచ్చు. భార్య పెట్టుకోవలసి వస్తే సిగ్గుతో అసలు చెప్పకపోవచ్చు. గురక మగవారికే వస్తుందనుకొని ఎందరో స్త్రీలు పరీక్షకే రారు. పెద్దవారు ఆరాధనలో, పెళ్ళిలో కునికితే బద్ధకమని తీసిపారేస్తాము. ఈ చిన్నచూపు మానుకోవడమే ఇంటివారు చేయగల మొదటి సాయం. రెండవది, పట్టీలు సర్దడంలో, మాస్కు కడగడంలో చేయి అందించడం. మూడవది, "గురక తగ్గింది, నాకూ నిద్ర పట్టింది" అని ఉదయం ఒక మాట చెప్పడం. పక్కన పడుకున్నవారి సాక్ష్యానికి విలువ ఎక్కువ.

ఇక ఆసుపత్రుల విషయం. పెట్టె చేతికిచ్చి, సంతకం తీసుకొని పంపడాన్ని వైద్యం అనలేము. మాస్కు రకాలు పెట్టి చూపించాలి. మొదటి వారంలోనే ఫోన్ చేసి అడగాలి. నెలలోపు పిలిచి యంత్రంలో నమోదైన లెక్కలు రోగితో కలిసి చూడాలి. కడుపు ఉబ్బరం, గాలి కారడం, ముక్కు దిబ్బడ చిన్న ఫిర్యాదులే అయినా వైద్యాన్ని నిలిపేవి అవే. ఈ సేవను అడిగే హక్కు డబ్బు కట్టిన ప్రతి రోగికీ ఉంది.

యంత్రం మీకు ఎంతకూ కుదరకపోతే ఆ సంగతి దాచకండి. పక్కకు తిరిగి పడుకోవడం, కింది దవడను ముందుకు నిలిపే పళ్ళ పరికరం, బరువు తగ్గించే చికిత్సలు, కొందరికి శస్త్రచికిత్స ఉన్నాయి. ఏది ఎవరికి తగినదో వైద్యుడు చెబుతాడు. చెప్పకుండా మానేయడం మాత్రం ప్రమాదం. ఏదైనా ఆపరేషనుకు వెళ్ళేటప్పుడు మీకు స్లీప్ ఆప్నియా ఉన్నదని మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి, యంత్రాన్ని వెంట తీసుకెళ్ళండి. పగటి మగత తగ్గేవరకు బండి నడపవద్దు.

బీరువా మీద పెట్టె ఉన్నవారు ఈ వారమే దానిని కిందికి దించండి. దుమ్ము తుడవండి, మాస్కు కడగండి. చాలాకాలంగా మూలపడి ఉంటే వాడేముందు ఒకసారి పరీక్ష చేయించండి. తరువాత రాత్రి గురించి ఆలోచించకుండా, పగటిపూట ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి.