ఇంజను మరీ తియ్యగా పాడితే

తెలుగు పండితుడిగా ముప్ఫై ఏళ్లు ఛందస్సు, వ్యాకరణం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడికి ఇసుకదిబ్బల మీద జరిగే మోటారు పందాలతో ఏమి పని అని చదువరులు అడగవచ్చు. అడగడం న్యాయమే. గత నవంబరు దాకా నేనూ అలాగే అనేవాణ్ణి. అమెరికాలో స్థిరపడిన మా మేనల్లుడు ఆ నెలలో నన్ను కాలిఫోర్నియా రాష్ట్రపు ఆగ్నేయ కోణాన ఉన్న గ్లామిస్ దిబ్బలకు తీసుకువెళ్లాడు. రెండు పగళ్లు, ఒక రాత్రి అక్కడ గడిపిన తరువాత నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. టూ-స్ట్రోక్ ఇంజనును పందానికి శ్రుతి చేసేవాడికి వేగం పెంచడం తెలిస్తే చాలదు. ఇంకా పెంచగలిగిన చోట ఒక మెట్టు కిందనే ఆగడం తెలియాలి. అసలు విద్య అదే.

ముందు స్థలం సంగతి చెబుతాను. ఆ దిబ్బలు దాదాపు 45 మైళ్ల పొడవున మెక్సికో సరిహద్దు దాకా పరచుకుని ఉన్నాయి. కొన్ని 300 అడుగుల ఎత్తు ఉంటాయి. ఉత్తర భాగాన్ని 1994 నుంచి వాహనాలు చొరబడరాని వన్యభూమిగా కాపాడుతున్నారు. దక్షిణాన వాహనాలకు అనుమతి ఉన్న చోట చలికాలమంతా తిరునాళ్లే. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. సంకేతం అందగానే తిన్నగా దూకుతాయి. నిర్వహణతో జరిపే ఇసుక పందాలలో ఆ దూరం సాధారణంగా 300 అడుగులు. కొద్ది సెకన్లలో ముగిసిపోయే ఆ పరుగు కోసం మనుషులు నెలల తరబడి కొట్టాల్లో కూర్చుంటారు.

మావాడి బండి యమహా బాన్షీ. నాలుగు చక్రాలు, మధ్యలో గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చునే సీటు. అమెరికాలో ఇది 1987 నుంచి 2006 దాకా అమ్ముడయింది. 64 మిల్లీమీటర్ల బోరు, 54 మిల్లీమీటర్ల స్ట్రోకు గల జంట సిలిండర్లు, వెరసి 347 సీసీ. దీని ఇంజను నీటితో చల్లబడే ఆర్‌డీ 350 ఎల్‌సీ మోటారుసైకిలు నుంచి వచ్చింది. గాలితో చల్లబడే ఆర్‌డీ 350 మన దేశంలో 1983లో రాజ్‌దూత్ 350గా అవతరించిన సంగతి నా ఈడువారికి జ్ఞాపకం ఉంటుంది. మా బావగారికి ఆ బండి ఉండేది. మావాడు పదిహేనో ఏట దాన్ని విప్పదీసి పెరట్లో పరిస్తే, “మెకానిక్ షెడ్డులో బతుకుతావటరా!” అని చీవాట్లు పెట్టినవాణ్ణి నేనే. ఆ మాట వాడు మరిచిపోలేదు. నేను మరిచిపోయాను.

ఇప్పుడు ఇంజను స్వభావం. మన పాత స్కూటర్లకు పెట్రోలు బంకులో టూటీ ఆయిల్ కలిపించుకునేవాళ్లం కదా, ఇదీ ఆ జాతిదే. లోపలి యంత్రానికి నూనె వేరుగా అందదు. పెట్రోలుతో కలిసి వచ్చినదే దిక్కు. లోనికి వచ్చే చల్లని మిశ్రమమే పిస్టన్ వేడిని కూడా కొంత హరిస్తుంది. కనుక ఇక్కడ పెట్రోలు ఆహారం మాత్రమే కాదు, అభ్యంగనమూ అదే, స్నానమూ అదే. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే మూడూ ఒకేసారి తగ్గుతాయి. మంట వేడెక్కుతుంది. పిస్టన్ ఉబ్బి గోడను పట్టుకుంటుంది. దాన్నే మెకానిక్కులు ఇంజను సీజయింది అంటారు.

ఈ జాతికి అసలు బలం దాని పొగగొట్టంలో ఉంది. నడుమ లావుగా, కొసలు సన్నగా, గర్భవతి వంటి గొట్టం. సిలిండరు నుంచి వెలువడిన ఒత్తిడి తరంగం అవతలి సన్నని భాగానికి తగిలి వెనక్కు మళ్లుతుంది. దహనం కాకుండానే బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని ద్వారం మూసుకునే లోపల తిరిగి లోనికి నెడుతుంది. 1950ల దశకంలో తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. కర్మాగారంలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఈ విద్యను పరాకాష్ఠకు తీసుకువెళ్లాడు. 1961లో వారి పందెగాడు ఎర్నస్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయి సుజుకీలో చేరినప్పుడు ఆ రహస్యం జపానుకు చేరింది. అయితే ఆ తరంగం వేళకు తిరిగి రావడం కొంత వేగపు పరిధిలోనే సాధ్యం. ఆ పరిధికి దిగువన బండి మూలుగుతుంది. పరిధిలో అడుగుపెట్టగానే విజృంభిస్తుంది.

ఇక శ్రుతి చేయడం. కార్బురేటరులో పెట్రోలు వెళ్లే దారులు ప్రధానంగా మూడు. కుడి బొటనవేలితో మీటను పావు వంతు దాకా నొక్కినప్పుడు పైలట్ జెట్టు, పావు నుంచి ముప్పావు దాకా నీడిలు, ఆపైన మెయిన్ జెట్టు అధికారం చెలాయిస్తాయి. ఒకదాని ఏలుబడి కొంత మరొకదానిలోకి చొచ్చుకు వస్తుంది. పద్యంలో దోషం ఉందంటే మొదట ఏ పాదంలో, ఏ గణంలో అని చూస్తాం. నాలుగో పాదంలో యతి తప్పితే మొదటి పాదాన్ని దిద్దేవాణ్ణి ఏమంటాం? ఇక్కడా అంతే. ఏ మేరకు నొక్కినప్పుడు తడబడుతున్నదో తెలుసుకోకుండా జెట్లు మార్చేవాడు చీకట్లో రాళ్లు రువ్వుతున్నవాడు. ఒకేసారి రెండు మార్చేవాడు మరీ ప్రమాదకారి. ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో వాడికి ఎన్నటికీ తెలియదు.

మెయిన్ జెట్టును పరీక్షించడానికి మావాడు చేసిన పని నన్ను ఆశ్చర్యపరిచింది. కొత్త ప్లగ్గులు బిగించాడు. పూర్తి వేగంతో వెళుతూనే క్లచ్చి పట్టి, అదే క్షణంలో ఇంజను ఆపేశాడు. నెమ్మదిగా ఆపితే ఆ చివరి పొగ ప్లగ్గు మీద వేరే రంగు పూసి అబద్ధం చెబుతుందట. తరువాత ప్లగ్గు ఇనుప అంచును కోసి, పింగాణీ అడుగున ఉన్న సన్నని వలయాన్ని భూతద్దంతో చూశాడు. తాళపత్రం చదివేవాడికి ఉండవలసిన ఓర్పు అది. అప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు, 28 డిగ్రీల ఎండ. ఇంకొక నంబరు చిన్న జెట్టు వేసి మళ్లీ పరిగెత్తించాడు. “మామయ్యా, విన్నావా, ఎంత తియ్యగా పాడుతోందో!” అన్నాడు. నిజమే. గరగర పూర్తిగా పోయి, స్వరం తీగలా సాగింది. సాయంత్రం రెండు పందాలు గెలిచాడు.

మర్నాడు తెల్లవారేసరికి చలి 8 డిగ్రీలకు దిగింది. చల్లని గాలి బరువైనది. ఆ తేడాకు సాంద్రత సుమారు 7 శాతం పెరుగుతుంది. గాలి పెరిగింది, జెట్టు మాత్రం నిన్నటిదే. ఎవరో పొరుగు గుడారం నుంచి సవాలు చేశారు. మావాడు ఇంజనును వెచ్చబెట్టి వెళ్లాడు. సగం దూరంలో ఆ తీగస్వరం ఇంకా పైకి, ఇంకా పైకి వెళ్లి హఠాత్తుగా తెగిపోయింది. వెనుక చక్రాలు బిగుసుకుని తెడ్ల వంటి టైర్లు ఇసుకలో నాటుకుపోయాయి. వేళ్లు క్లచ్చి మీదే ఉన్నందువల్ల పట్టి, చక్రాలను వదిలించుకున్నాడు గాని, లేకుంటే బండి మీది నుంచి విసిరివేయబడేవాడు. విప్పి చూస్తే ఒక పిస్టన్ మీద నిలువునా గీతలు, సిలిండరు గోడకు అంటుకున్న అల్యూమినియం.

ఇక్కడే నా వాదం. ఆ దిబ్బల మీద నేను విన్న సిద్ధాంతం ఒకటి ఉంది: మిశ్రమం ఎంత పలచనైతే బండి అంత చురుకు. అది అర్ధసత్యం, అందుకే అసత్యం కంటే ప్రమాదం. మరీ చిక్కగా ఉన్న మిశ్రమాన్ని పలచన చేస్తూ పోతే కొంతదాకా బలం పెరుగుతుంది. కాని ఆ మెరుగు చివరి మెట్లలో స్వల్పం, అపాయం అనంతం. పైగా ఇసుక గట్టి నేల వంటిది కాదు. తెడ్ల టైర్లు ఇసుకను తవ్వుతున్నంతసేపూ భారం ఇంజనును వదలదు. గట్టి నేల మీద సరిపోయిన జెట్టు ఇక్కడ చాలకపోవచ్చు. మిశ్రమం చిక్కనైతే బండి ఉమ్ముతుంది, తుమ్ముతుంది, అవమానిస్తుంది, కాని బతుకుతుంది. పలచనైతే పొగుడుతుంది, పొగుడుతూనే చస్తుంది. పొగడ్తను నమ్మి చెడిన రాజుల కథలు నేను పిల్లలకు ఎన్ని చెప్పలేదు!

మోసపోవడానికి దారులు ఇంకా ఉన్నాయి. నూనె ఎక్కువ కలిపితే ఇంజనుకు మేలని తోస్తుంది. కాని అదే జెట్టు గుండా నూనె ఎక్కువ వెళితే పెట్రోలు పాలు తగ్గి మిశ్రమం పలచనవుతుంది. సీలు పాడై ఎక్కడో గాలి పీలుస్తుంటే ఆ రోగానికి జెట్టు మార్చడం మందు కాదు. గాలి ఒత్తిడి పెట్టి లీకు పట్టుకోవాలి. మిథనాల్‌తో నడిపేవారికి పెట్రోలుకు రెండింతలకు పైగా ఇంధనం పారాలి, పైగా ఆ మంట పట్టపగలు కంటికి ఆనదు. సముద్రమట్టానికి 5000 అడుగుల ఎత్తున ఉన్న యూటా రాష్ట్రపు లిటిల్ సహారా దిబ్బలకు సరిపడ్డ చిన్న జెట్టుతో పల్లంలోని గ్లామిస్‌కు దిగితే, మావాడి చలిపొద్దు కథే మరింత ఘోరంగా జరుగుతుంది. అందుచేత ఉష్ణోగ్రత, ఎత్తు, జెట్టు, ప్లగ్గు రంగు ప్రతి పరుగుకూ పుస్తకంలో రాసుకోనివాడు బండిని విప్పకపోవడమే క్షేమం.

కంప్యూటరే గాలిని కొలిచి ఇంధనం పోసే బండ్లు వచ్చాక ఈ పాత బాధ ఎందుకని మీరు అనవచ్చు. గెలుపు ఒక్కటే కావాలంటే నిజంగా ఎందుకూ అక్కరలేదు. కాని తప్పు చేస్తే తప్పు ఎక్కడ జరిగిందో లోహం మీద గీసి చూపించే గురువు ఈ ఇంజను. మార్కులు దిద్దడంలో నేను కూడా ఇంత నిష్పక్షపాతంగా ఉన్నానని చెప్పలేను.

ఆ మధ్యాహ్నం గుడారంలో మావాడు మౌనంగా సిలిండరు విప్పుతుంటే పానాలు అందించాను. కొంతసేపటికి, “నీదేం తప్పులేదురా, చిన్నప్పుడు నిన్ను తిట్టడం నాదే తప్పు” అన్నాను. వాడు తల ఎత్తలేదు. “పొద్దున్నే రెండు నంబర్లు పెద్ద జెట్టు వేయాలని తెలుసు మామయ్యా. రాత్రి ఆ శబ్దం విన్నాక మార్చబుద్ధి కాలేదు” అన్నాడు.

ఆ ఒక్క వాక్యం కోసమే ఇంత రాశాను. తెలియక చెడిన ఇంజన్ల కంటే తెలిసీ ఆగలేక చెడినవే ఎక్కువని నా అనుమానం. జనవరిలో కొత్త పిస్టన్లు వేశాక వాడు మళ్లీ వెళ్లాడు. ఫోనులో ఇంజను శబ్దం వినిపించాడు. మొదట్లో కాస్త గరగర ఉంది. ఓడిపోయానని చెప్పాడు. బండి తన కాళ్ల మీద తానే ఇంటికి వచ్చిందని కూడా చెప్పాడు. నాకు ఆ గరగరే బాగున్నది.