పూచీ ఎవరిది?

పిల్లలూ, రోడ్డు మీద వెళ్లే కారు నంబరు చూడగానే అది ఏ ఏడాదిదో మీలో చాలామంది చెప్పేస్తారు. 2013 నుంచి ఏడాదిని రెండు సగాలు చేశారు కాబట్టి, మొదటి సగందా రెండో సగందా అన్నదీ చెప్పేస్తారు. మాది 182, అంటే 2018 రెండో సగం. ఈ లెక్క నాకు నేర్పింది మీలాంటి పిల్లలే. అందుకే ఈసారి ఆ కారు కాగితాల సంగతి మీకు చెప్పాలనుకున్నాను. పెద్దవాళ్ల విషయమే, కానీ మీకూ ఇందులో పని ఉంది.

మేం ఆ కారును 2024 ఫిబ్రవరిలో ఒక డీలరు దగ్గర 13,500 యూరోలకు కొన్నాం. క్రెడిట్ యూనియన్‌లో అప్పు తీసుకున్నాం. సంతకాలు అయిపోయే వేళకి అక్కడి అబ్బాయి, "ఇంకో 650 యూరోలు కడితే రెండేళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీ వస్తుంది, ఇక మీకు బెంగ ఉండదు" అన్నాడు. మా ఆయన నా వైపు చూశారు. నేను తలూపాను. కొత్త దేశం, పాత కారు. బెంగ లేకుండా ఉండడానికి ఆ డబ్బు ఎక్కువనిపించలేదు.

జూన్ నెలాఖరున ఎం50 మీద గేర్‌బాక్స్ పోయింది. ఇంజను అరుస్తోంది, బండి కదలదు. బాగుచేయడానికి 1,900 యూరోలవుతుందని మెకానిక్ చెప్పాడు. పోనీలే, వారంటీ ఉంది కదా అనుకున్నాం. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే, "ఇది వాడకంలో అరిగిపోవడం వల్ల వచ్చింది, వారంటీలోకి రాదు" అన్నారు. ఇంకో రోజు ఇంకో మనిషి, "వచ్చినా ఒక్కో క్లెయిముకు 750 యూరోలు దాటి ఇవ్వం, తొమ్మిదో పేజీ చూడండి" అన్నాడు. నిజంగానే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. డీలరు దగ్గరికి వెళ్తే, "వారంటీ మాది కాదు, వాళ్లనే అడగండి" అన్నాడు. వాళ్లను అడిగితే డీలర్ని అడగమన్నారు. ఇలా నెల గడిచింది. మా ఆయన రెండు బస్సులు మారి ఆఫీసుకి వెళ్లేవారు.

ఒక శనివారం అందరం షోరూముకి వెళ్లాం. మా ఆయన గొంతు కొంచెం పెరిగింది. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. వాడు నాన్న చొక్కా పట్టుకుని లాగి, ఇంగ్లీషులో, "నాన్నా, ప్లీజ్, అందరూ చూస్తున్నారు" అన్నాడు. ఈ దేశం వచ్చి మూడేళ్లే అయినా వాడికి అప్పుడే ఇక్కడి మర్యాద వచ్చేసింది. ఆయన ఆగిపోయారు. మేం ఇంటికి వచ్చేశాం. ఆ 1,900 కన్నా నాకు ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది.

మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాగే అనిపించి ఉంటుంది. అమ్మానాన్నల ఇంగ్లీషు యాస, వాళ్ల గొంతు, ఒకే మాట మూడుసార్లు అడగడం, ఇవన్నీ మీకు ఇబ్బందిగా ఉంటాయి. నేను మిమ్మల్ని తప్పుపట్టను. కానీ అడగడం వేరు, పోట్లాడడం వేరు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదని మన సామెత. డబ్బు పుచ్చుకున్న షోరూము మాత్రం అడగకుండా పెడుతుందా?

ఇక తెలుగు క్లాసు సంగతికి వస్తాను. ఆ వారం నేను 'పూచీ' అనే మాట చెప్పాలి. వారంటీకి మనం తెలుగులోనూ వారంటీ అనే అంటాం. పూచీ అంటే మాత్రం కాగితం కాదు, మనిషి. "నాదీ పూచీ" అన్నవాడు తేడా వస్తే తానే భరించాలి. మా నాన్నగారు ఒకసారి స్నేహితుడి అప్పుకి పూచీ పడ్డారు. ఆయన ఎగ్గొడితే నాన్నగారే కట్టారు. మా అమ్మ చాలా రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు లెండి, అది వేరే కథ.

ఉదాహరణకి ఉంటుందని మా వారంటీ కాగితం క్లాసుకి తీసుకెళ్లాను. పదమూడేళ్ల అమ్మాయి ఒకతి అది తిరగేస్తూ, "టీచర్, స్టాట్యుటరీ రైట్స్ అంటే ఏంటి?" అని అడిగింది. చివరి పేజీలో ఒక వాక్యం ఉంది: ఈ వారంటీ వల్ల చట్టం మీకిచ్చిన హక్కులకు ఏ భంగమూ ఉండదు అని. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చూశానో! బిస్కెట్ ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లాగా చూసి వదిలేశాను. ఆ పిల్లకి జవాబు చెప్పడానికి ఇంటికెళ్లి చదవాల్సి వచ్చింది.

చదివితే తెలిసింది ఇది. ఐర్లండ్‌లో 2022 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ఉంది. అదే ఏడాది నవంబరు 29 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం వ్యాపారి అమ్మిన వస్తువుకి వ్యాపారిదే పూచీ. పాత కారైనా సరే, దాని వయసుకీ, తిరిగిన దూరానికీ, ధరకీ తగినట్టు ఉండాలి. కొన్న 12 నెలల్లోపు లోపం బయటపడితే అది అమ్మిన రోజే ఉందని చట్టం అనుకుంటుంది. కాదని నిరూపించాల్సిన పని వ్యాపారిది, మనది కాదు. ముందు బాగుచేయాలి, లేదా మార్చాలి. అది కుదరకపోతే డబ్బు సంగతి. ఇదంతా విడిగా డబ్బు కట్టకుండానే వస్తుంది. రోడ్డు పక్కన మామూలు మనిషి దగ్గర కొంటే మాత్రం ఈ రక్షణ లేదు.

మా గేర్‌బాక్స్ అయిదో నెలలో పోయింది. అంటే నెల రోజులు మేం తట్టాల్సిన తలుపు తట్టలేదన్నమాట.

ఉత్తరం రాశాం. మా ఆయన మాటలు చెప్పారు, నేను తప్పులు దిద్దాను, ఆ అమ్మాయి కామాలు సరిచేసింది. వేరే మెకానిక్ రాసిచ్చిన రిపోర్టు జతచేశాం. రెండు వారాల్లో జవాబు రాకపోతే స్మాల్ క్లెయిమ్స్‌కి వెళ్తామని మర్యాదగా చెప్పాం. దానికి ఫీజు 25 యూరోలు, లాయరు అక్కర్లేదు, 2,000 యూరోల లోపు తగాదాలు తీసుకుంటారు. కారును హైర్ పర్చేజ్ మీద కొని ఉంటే అక్కడికి వెళ్లలేం. మాది క్రెడిట్ యూనియన్ అప్పు కాబట్టి బతికిపోయాం. పదో రోజున డీలరు ఫోన్ చేశాడు. గేర్‌బాక్స్ బాగుచేయించాడు. 650 మాత్రం వెనక్కి రాలేదు. ఆ డబ్బుకి మేం కొన్నది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్ని వారంటీలూ మోసమని నేననను. కార్లు తయారుచేసిన కంపెనీలు కొన్ని అయిదేళ్లు, ఏడేళ్లు ఇస్తాయి, మాట నిలబెట్టుకునేవాళ్లు ఉన్నారు. విడిగా అమ్మే వారంటీల్లోనూ పనికొచ్చేవి ఉండొచ్చు. నాకు నచ్చనిది అమ్మే పద్ధతి. చివరి సంతకం దగ్గర, చదవడానికి టైం ఇవ్వకుండా, భయం చూపించి అమ్మడం. ఇది ఒక్క ఐర్లండ్‌లోనే కాదు. అమెరికాలో కార్‌షీల్డ్ అనే కంపెనీ ప్రకటనలు జనాన్ని తప్పుదారి పట్టించాయని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2024 జులైలో ఆ కేసు కోటి డాలర్లు కట్టేందుకు ఒప్పందంతో ముగిసింది. నెలనెలా డబ్బు కట్టినవాళ్లు, తీరా కారు చెడిపోయాక ఆ రిపేరు ఇందులోకి రాదని తెలుసుకున్నారు.

మీ ఇంట్లో ఇలాంటి గొడవ ఉంటే, వినియోగదారుల హక్కులేమిటో సీసీపీసీ అనే సంస్థ చెప్తుంది. మన తరఫున తగాదా అది తీర్చదు. వారంటీ నిజానికి ఇన్సూరెన్స్ పాలసీ అయితే, ఆర్థిక సేవల అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ఈ ఫోన్లలో అవతలివాళ్ల కార్క్ యాస, కెర్రీ యాస మాకు సగమే అర్థమవుతుంది. మీకు పూర్తిగా అర్థమవుతుంది. చొక్కా పట్టుకుని వెనక్కి లాగకండి, పక్కన కూర్చుని ఆ కాగితం పైకి చదవండి. అర్థం కాని ముక్కకి "అంటే ఏంటి?" అని అడగండి. అవతలివాళ్ల పేరు, తేదీ రాసుకోండి.

మా అబ్బాయికి ఈ కథంతా చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి నాన్న అరిచింది కరెక్టేనా?" అన్నాడు. అరవడం కాదురా, అడగడం కరెక్టు అన్నాను. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు.

వచ్చే శనివారానికి మీ ఇంటి కారు కాగితాల్లో ఆ హక్కుల వాక్యం ఎక్కడుందో వెతికి, దాన్ని తెలుగులో మీ మాటల్లో రాసుకు రండి.