పాత బండికి కొత్త ఇంజెక్షన్

నర్సు ఇంజెక్షన్ అందంటే మళ్లీ టీకాల గురించే అనుకోకండి. ఈ నెల మన మాటలు బండికి వేసే ఇంజెక్షన్ గురించి. గ్రూపులో ఒక చెల్లెలు పంపిన వాయిస్ మెసేజే దీనికి కారణం. వాళ్లాయన ఏడాది కిందట 1978 నాటి షెవ్రొలే పికప్ ఒకటి కొన్నారట. ఇప్పుడు దాని కార్బ్యురేటర్ పీకేసి ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ కిట్ పెడతానంటున్నారట. "అక్కా, గ్యారేజీ మీదే పిల్లల పడకగది. డబ్బు సంగతి అటుంచు, పెట్రోలు పని అంటేనే నాకు భయం. వద్దనాలా, సరే అనాలా?" అని అడిగింది.

ఈ ప్రశ్న ఆ చెల్లెలు ఒక్కదానిదే కాదని నాకు తెలుసు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శనివారం రాగానే గ్యారేజీలో దూరే మగవాళ్లు మన ఇళ్లలో కొందరున్నారు. కాలేజీకి వెళ్లే కొడుకులూ ఉన్నారు. స్వయంగా స్పానర్ పట్టే అక్కలు కూడా ఒకరిద్దరున్నారు, వాళ్లకు నా దండం. మా ఇంట్లో 1972 నాటి పికప్‌కి రెండు వేసవుల కిందట ఇదే పని జరిగింది. సగం బోల్టులు నా చేత్తో బిగించినవే. అందుకని తెలిసినంత వరకు చెబుతాను.

అసలు ఏమిటీ పని?

మీ నాన్నగారి బజాజ్ చేతక్ గుర్తుందా? చలికాలం పొద్దున్నే చోక్ లాగి, స్టార్ట్ కాకపోతే బండిని పక్కకి వంచి, మళ్లీ కిక్ కొట్టేవారు. అదంతా కార్బ్యురేటర్ మహిమ. ఇంజిన్ పీల్చే గాలి ఇరుకు దారిలో వేగంగా పోతుంటే, ఆ లాగుడుకి సన్నటి రంధ్రంలోంచి పెట్రోలు కూడా వస్తుంది. అంతే దాని తెలివి. బయట చలిగా ఉందా, బండి కొండ ఎక్కిందా, గాలి పలచబడిందా అన్నది దానికి పట్టదు. అందుకే హ్యూస్టన్‌లో చక్కగా నడిచిన పాత బండి డెన్వర్ వెళ్లేసరికి నల్లపొగ కక్కుతుంది. గాలి తగ్గింది, పెట్రోలు మాత్రం అందుకు తగ్గట్టు తగ్గలేదు.

ఇంజెక్షన్‌లో ఆ లెక్క కంప్యూటర్ చూస్తుంది. గాలి ఒత్తిడి, వేడి, ఇంజిన్ వేగం, యాక్సిలరేటర్ ఎంత నొక్కారు అన్నవి కొలిచి, సెకనులో వెయ్యో వంతుల లెక్కన ఇంజెక్టర్ తెరిచి మూస్తుంది. మన దగ్గర మారుతి కార్ల వెనక ఎంపీఎఫ్ఐ అని గొప్పగా రాసుకున్న రోజులు గుర్తున్నాయా, ఆ మార్పే ఇది. 2020లో బీఎస్-6 వచ్చాక మన ఊళ్లో కొత్త మోటార్ సైకిళ్లూ దాదాపు అన్నీ ఇందులోకే వచ్చేశాయి.

ఇక్కడ పాత అమెరికన్ బండ్లకి హోలీ స్నైపర్, ఫైటెక్ లాంటి కిట్లు అమ్ముతారు. కార్బ్యురేటర్ కూర్చున్న చోటే థ్రాటిల్ బాడీ కూర్చుంటుంది. ఇంజెక్టర్లు, కంప్యూటర్ అన్నీ అందులోనే ఉంటాయి. దాంతోపాటు సైలెన్సర్ గొట్టానికి బిగించే ఆక్సిజన్ సెన్సర్, ఇంజిన్ నీళ్ల వేడి చూసే సెన్సర్, వైర్లు, చేతిలో పట్టుకునే చిన్న తెర వస్తాయి. నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగిస్తే సరి అంటారు అమ్మేవాళ్లు. పైన కనబడేది నిజంగానే అంతే. అసలు పని ట్యాంకు దగ్గరా, వైర్ల దగ్గరా, సైలెన్సర్ గొట్టం దగ్గరా ఉంటుంది.

పెట్రోలు పైపుల్లో బీపీ

కార్బ్యురేటర్‌కి పెట్రోలు 5 నుంచి 7 పీఎస్ఐ ఒత్తిడితో అందితే చాలు. ఈ కిట్లకి 60 పీఎస్ఐ దాకా కావాలి. మన భాషలో చెబుతాను. 120 బీపీ అంటే పీఎస్ఐలో రెండుంపావు కన్నా కాస్త ఎక్కువ. 60 పీఎస్ఐ అంటే బీపీ మూడు వేలు! పాత రబ్బరు పైపులో సన్నటి చీలిక ఉంటే ఇదివరకు చుక్కలు కారేవి. ఇప్పుడు వేడి ఇంజిన్ మీద పిచికారీ కొట్టినట్టు చిమ్ముతుంది.

అందుకని మొదటి ప్రశ్న ఇది అడగండి: "పైపులన్నీ మారుస్తున్నారా?" కార్బ్యురేటర్ పైపు మీద 30ఆర్7 అని ఉంటుంది. అది ఇక్కడ పనికిరాదు. ఇంజెక్షన్ పైపు మీద 30ఆర్9 అని ఉండాలి. ట్యాంకు లోపల పెట్రోల్లో మునిగి ఉండే పైపు వేరే రకం, అది 30ఆర్10. గాట్లున్న మామూలు క్లాంపులు రబ్బరుని కోస్తాయి. అంచులు నున్నగా ఉండే ఇంజెక్షన్ క్లాంపులే వాడాలి. తుప్పు పట్టిన పాత ఇనుప గొట్టాల మీద ఆశ పెట్టుకోవద్దు.

పంపు ట్యాంకు లోపల ఉంటే మంచిది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది, రొద తక్కువ, ఎక్కువ కాలం మన్నుతుంది. బయట బిగిస్తే ట్యాంకుకి దగ్గరగా, కిందికి ఉండాలి. ఎందుకంటే ఈ పంపులు తోయగలవు గానీ దూరం నుంచి లాగలేవు.

రెండో ప్రశ్న: "ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుందా?" తాళం తిప్పగానే పంపు కొన్ని సెకన్లు తిరిగి ఆగాలి. ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి తెలిస్తేనే మళ్లీ తిరగాలి. అలా ఉంటే యాక్సిడెంటులో ఇంజిన్ ఆగినప్పుడు పంపూ ఆగుతుంది. తొందరలో పంపుని నేరుగా తాళానికి కలిపేస్తే ఆ రక్షణ పోతుంది. గుద్దుకోగానే కరెంటు తెంపే ఇనర్షియా స్విచ్ కూడా ఒకటి పెట్టిస్తే ఇంకా మంచిది. పెద్ద ఖర్చు కాదు.

తప్పుడు రిపోర్టు, తప్పుడు మందు

ఈ కిట్లు వాటంతట అవే నేర్చుకుంటాయి అంటారు. ఎలాగో నర్సులకి ఒక్క మాటలో అర్థమవుతుంది. మన వార్డులో ఇన్సులిన్ స్లైడింగ్ స్కేల్ చార్టు ఉంటుంది కదా, షుగర్ ఇంత ఉంటే ఇన్ని యూనిట్లు అని. కంప్యూటర్ దగ్గరా అలాంటి పట్టికే ఉంటుంది. ఒక వైపు ఇంజిన్ వేగం, ఇంకో వైపు లోపలి గాలి ఒత్తిడి. ఆ గడిలో ఉన్నంత పెట్రోలు ఇస్తుంది. తర్వాత ఆక్సిజన్ సెన్సర్ రిపోర్టు చూసి ఎక్కువైతే తగ్గిస్తుంది, తక్కువైతే పెంచుతుంది, ఆ దిద్దుబాటు గుర్తుపెట్టుకుంటుంది.

శుద్ధ పెట్రోలుకి 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు సరైన లెక్క. ఇక్కడ బంకుల్లో పోసే 10 శాతం ఇథనాల్ కలిపిన దానికి ఇది 14.1 దగ్గర ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినప్పుడు మాత్రం 12.5 చుట్టుపక్కల, అంటే పెట్రోలు కాస్త ఎక్కువగా పెడతారు. లేకపోతే ఇంజిన్ వేడెక్కి పిస్టన్లు దెబ్బతింటాయి.

అయితే రిపోర్టు తప్పయితే మందూ తప్పే. మా బండి ఎన్ని మైళ్లు తిప్పినా కుదురుకోలేదు. తెర మీద చూస్తే పెట్రోలు చాలడం లేదంటోంది, సైలెన్సర్ దగ్గరికెళ్తే పెట్రోలు వాసన కొడుతోంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే ఇంజిన్ ఆయిల్లోనూ అదే వాసన. చివరికి తేలిందేమిటంటే, సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ గొట్టం అతుకు దగ్గర పాత గాస్కెట్ లీకవుతోంది. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోతోంది. సెన్సర్ దాన్ని చూసి ఆక్సిజన్ మిగిలిపోతోంది, పెట్రోలు తక్కువైంది అనుకుంది. కంప్యూటర్ ఇంకా ఇంకా పోసింది. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీసి ల్యాబుకి పంపితే వచ్చే రిపోర్టులాంటిదే ఇది. గాస్కెట్ మార్చి, ఆయిల్ మార్చి, నేర్చుకున్నదంతా చెరిపేసి మొదటి నుంచి నేర్పిస్తే రెండు రోజుల్లో దారికొచ్చింది.

కాబట్టి మూడో ప్రశ్న: "ముందు పాత జబ్బులన్నీ చూశారా?" ఎగ్జాస్ట్ లీకు, వాక్యూమ్ పైపుల లీకు, ఇగ్నిషన్ టైమింగ్, బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఇవన్నీ సరిగా ఉంటేనే కొత్త కిట్ పని చేస్తుంది. కంప్యూటర్‌కి కరెంటు, ఎర్త్ రెండూ నేరుగా బ్యాటరీ నుంచి రావాలి. స్పార్క్ ప్లగ్ వైర్లకీ కాయిల్‌కీ దాని వైర్లు దూరంగా ఉండాలి. దగ్గరైతే ఆ కరెంటు రొదకి కంప్యూటర్ తికమకపడి బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది.

నేర్పించడానికి బండిని వేడెక్కనివ్వాలి. నీళ్లు 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి వచ్చాకే అది నేర్చుకోవడం మొదలుపెడుతుంది. తర్వాత నిదానంగా, వేగంగా, ఎత్తు మీద, పల్లం మీద తిప్పాలి. ఇక్కడే మీ పాత్ర ఉంది. నడిపేవాళ్లు తెర చూడకూడదు. పక్క సీట్లో మీరు కూర్చుని అంకెలు చదవండి, కాగితం మీద రాయండి. అదే గడిలో అది మాటిమాటికీ పెద్ద పెద్ద దిద్దుబాట్లు చేస్తుంటే బండి ఆపి లీకు వెతకమనండి.

గ్యారేజీ మీద గది

ఇక అసలు భయం దగ్గరికొద్దాం. చెల్లీ, నీ భయం ఉత్తది కాదు. రెండు విషయాలున్నాయి, రెండూ వేరు వేరు.

ఒకటి పెట్రోలు ఆవిరి. ఇది గాలి కన్నా బరువు, నేల మీద పాకుతుంది. చాలా ఇళ్లలో గ్యారేజీలోనే గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది, దాని మంట ఎప్పుడు వెలుగుతుందో మన చేతిలో లేదు. కాబట్టి ట్యాంకు ఖాళీ చేయడం, పైపులు విప్పడం ఇంటికి దూరంగా, ఆరుబయటే జరగాలి. అంతకు ముందు బ్యాటరీ తీసేయాలి, పైపుల్లో ఒత్తిడి తగ్గించాలి. పెట్రోలు మంటలకి పనికొచ్చే బి తరగతి ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉండాలి. నీళ్ల బకెట్ పనికిరాదు, తేలుతూ మంట ఇంకా పాకుతుంది. మొదటిసారి పంపు తిప్పేటప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం రెండు మూడుసార్లు తిప్పి, ప్రతి అతుకునీ టార్చిలైటుతో చూడాలి. తడి కనబడితే ఆ రోజుకి అంతే.

రెండోది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. ట్యూనింగ్ కుదరని బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది కాబట్టి ఈ విషవాయువు కూడా ఎక్కువ వదులుతుంది. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచాం కదా అనే మాట నేను ఒప్పుకోను. తలుపు తెరిచినా ఇంట్లోకి, పై గదిలోకి చేరుతుంది. ఇంజిన్ తిప్పాలంటే బండి బయటికి తోయాల్సిందే.

ఇది మన రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కోవిడ్‌లో మనమందరం కొనుక్కున్న వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ దీన్ని గుర్తించలేదు, మనిషి విషమించినా 98 అని చూపించగలదు. ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, తల తిరగడం, బయటికొస్తే తగ్గడం, ఇవే గుర్తులు. వెంటనే అందరూ బయటికి వచ్చి 911కి ఫోన్ చేయాలి. గర్భవతులకీ చిన్నపిల్లలకీ ముప్పు మరీ ఎక్కువ. పై గది పక్కన, ప్రతి పడకగది బయట, ప్రతి అంతస్తులో అలారం ఉండాలి. ఉన్నవాటి గడువు తేదీ ఈ రోజే చూడండి.

డబ్బు, కాగితాలు

కిట్ వెయ్యి డాలర్ల పైనే. పంపు, ట్యాంకు, పైపులు, ఫిల్టర్లు కలిస్తే ఇంకొన్ని వందలు. కిట్ ధర ఒక్కటే చెబితే ఒప్పుకోకండి, మొత్తం జాబితా రాసి ఇమ్మనండి. ఇన్సూరెన్సు వాళ్లకి మార్పు సంగతి చెప్పాలి. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు పెట్రోలు బండ్లకి పొగ పరీక్ష లేదు. 1976, ఆ తర్వాతి వాటికి ఉంది, కిట్‌కి ఆ రాష్ట్రం అనుమతి సంఖ్య ఉండాలి. 1978 బండి అక్కడిదైతే కొనే ముందే చూసుకోవాలి. మిగతా రాష్ట్రాలవాళ్లు మీ రాష్ట్రం నిబంధన చూసుకోండి. తీసేసిన కార్బ్యురేటర్ పారేయకండి, శుభ్రం చేసి డబ్బాలో దాచండి. రేపు అమ్మాలంటే అడిగేవాళ్లుంటారు.

మరి వద్దనాలా, సరే అనాలా? వద్దంటే పని ఆగదు, మీకు చెప్పకుండా జరుగుతుంది. అది ఇంకా ప్రమాదం. సరే అనండి, కానీ షరతులు పెట్టండి. అలారాలు ముందు, కిట్ తర్వాత. పైపులు, పంపు రక్షణ, పాత జబ్బులు, ఈ మూడింటికీ జవాబు వచ్చాకే పెట్టె విప్పాలి. రాత్రి పది దాటాక పెట్రోలు పని లేదు. ఇంజిన్ తిరిగేది వాకిట్లోనే. ఇంటి ఆడవాళ్లకి ఇది తెలియదులే అని ఎవరైనా అంటే 30ఆర్9 పైపు కొన్నారా అని అడగండి. తర్వాత మాట తీరే మారుతుంది.

వచ్చే నెల రాత్రి డ్యూటీల వాళ్ల నిద్ర, తిండి గురించి మాట్లాడుకుందాం. మీ ప్రశ్నలు ఎప్పటిలాగే గ్రూప్ అడ్మిన్‌కి వాయిస్ మెసేజ్‌గా పంపండి. ఊళ్లో ఉన్న అమ్మలకీ అత్తలకీ కూడా ఇది పంపండి, కొడుకులు గ్యారేజీలో ఏం చేస్తున్నారో వాళ్లకీ తెలియాలి కదా.