అద్దాల కంటే పనితనం ముఖ్యం

మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె వంటి తీర గ్రామాలలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం. రాబడి ఆగిపోయే ఆ రోజులే పెళ్ళిళ్ళ రోజులు. పెళ్ళికూతురి అలంకరణ నేర్చిన మహిళకు అప్పుడు చేతినిండా పని దొరుకుతుంది.

అయితే పని నేర్వకముందే గదికి, అద్దాలకు, కుర్చీలకు అప్పు చేయడం తగదు. ఆషాఢంలో ముహూర్తాలు ఆగినా వడ్డీ ఆగదు. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు భోజన వసతితో బ్యూటీపార్లరు పని ఉచితంగా నేర్పుతున్నాయి. నేర్చుకుని, ముందు ఇంటి వసారాలోనే మొదలుపెట్టాలి. గిరాకీ చూసుకున్నాక ముద్ర పథకం క్రింద రూ. 50 వేల వరకు శిశు రుణం హామీ లేకుండా పొందవచ్చు.

జుట్టుకు రంగు వేయడానికి రెండు రోజుల ముందే కొంచెం చర్మంపై రాసి చూడాలి. దురద, వాపు వస్తే మానుకోవాలి. తెల్లబడతారంటూ స్టెరాయిడ్ క్రీములు పూస్తే చర్మం పలుచబడుతుంది. ఊళ్ళో ఒక్క ముఖం చెడితే మరొకరు ఆ గడప తొక్కరు.

1992లో సారాను తరిమిన ఈ జిల్లా మహిళలే రోజుకో రూపాయి దాచి పొదుపు సంఘాలు కట్టారు. ఆ సంఘాలు ఊరికొక యువతినైనా శిక్షణకు పంపడం మంచిది.