బుచ్చయ్యపేటలో పొలం కొంటున్నారా? అడ్వాన్స్‌కు ముందే ఇవి చూడండి

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి కొత్త జిల్లా అయింది. ఓ వైపు విశాఖ విస్తరిస్తోంది. దీంతో చోడవరం పక్కనున్న బుచ్చయ్యపేట వైపు పొలం కొని పదేళ్లు ఉంచుకుందామనుకునేవారు ధర కంటే ముందు హక్కు చూసుకోవాలి.

మొదట మీభూమి పోర్టల్‌లో 1-బీ, అడంగల్ చూడండి. పట్టాదారు, అనుభవదారు పేర్లు వేరైతే కారణం అడగండి. తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ తీస్తే పాత అమ్మకాలు, తనఖాలు తెలుస్తాయి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో సర్వే నంబరు బదులు ఎల్‌పీ నంబరు ఉంటుంది. అక్కడ పాత నంబరుతోనూ వెతకాలి.

మూడోది 22-ఏ నిషేధిత జాబితా. చవగ్గా వస్తోందంటే అది డి-పట్టా భూమేమో చూసుకోండి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడాన్ని 1977 చట్టం నిషేధించింది. స్టాంపు కాగితంపై రాయించుకున్నా హక్కు రాదు, భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు 2023 సవరణ వెసులుబాటు ఇచ్చినా, ఆ ‘ఫ్రీహోల్డ్’ రిజిస్ట్రేషన్లను 2024లో ప్రభుత్వం నిలిపివేసింది. కాబట్టి అమ్మేవారి మాట సరిపోదు. ప్రస్తుత స్థితిని తహసీల్దార్, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో నిర్ధారించుకున్నాకే డబ్బు ఇవ్వండి.